గీతకు అటూ ఇటూ ఒకే వంశం

కెన్యా పటంలో ఈశాన్యపు కొసన మండేరా పట్టణం ఉంది. ఉత్తరాన దావా నది దాటితే ఇథియోపియా. తూర్పున కాలినడకన వెళ్లేంత దూరంలో సోమాలియా ఊరు బులా హావో. 2020 మార్చి 2న ఆ బులా హావోలో రెండు సోమాలీ దళాలు కాల్పులకు దిగాయి. ఒకటి మొగదిషులోని కేంద్ర ప్రభుత్వానిది, ఇంకొకటి జూబాలాండ్ ప్రాంతీయ ప్రభుత్వానిది. పోరు వాళ్లది, తూటాలు పడింది మాత్రం మండేరాలో. సరిహద్దు పక్కన ఉన్న కెన్యా కుటుంబాలు ఇళ్లు వదిలిపెట్టి పోయాయి. 2021 జనవరి 25న మళ్లీ అదే తంతు. అంతకు నెలన్నర ముందే, తమ ఇంటి వ్యవహారాల్లో తలదూరుస్తోందంటూ సోమాలియా కెన్యాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది.

బయటివాళ్లకు ఇది కేంద్రానికీ ఒక రాష్ట్రానికీ మధ్య వచ్చిన తగాదా. అక్కడివాళ్లు మొదట అడిగేది వేరు: ఎవరు ఎవరి మనుషులు? బులా హావో ఉన్న గెడో ప్రాంతంలో మరేహాన్ వంశం వాళ్లు ఎక్కువ. అప్పటి సోమాలియా అధ్యక్షుడు ఫర్మాజో మరేహాన్. జూబాలాండ్ అధ్యక్షుడు అహ్మద్ మదోబేది ఒగాడేన్ వంశం. కెన్యా వైపు గరిస్సా ప్రాంతంలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఒగాడేన్లే. అయితే లెక్క ఇంత తిన్నగానూ ఉండదు. మదోబే తరఫున ఆ పోరు నడిపిన భద్రతా మంత్రి అబ్దిరషీద్ జనన్ కూడా మరేహానే. ఏడాది తిరిగేసరికి ఆయన మొగదిషుతో రాజీపడి అటు చేరిపోయాడు.

ఈ చిక్కుముడి నిన్నా మొన్నా పడింది కాదు. ముప్పై ఏళ్లకు పైగా సోమాలియా పొరుగు దేశాలను నిద్రపోనివ్వని ఈ వంశపోరాటాల చరిత్రలో, ఆ పొరుగు దేశాల చేతులు కూడా మొదటినుంచీ ఉన్నాయి.

నూరు ఒంటెల లెక్క

సోమాలీలది దాదాపుగా ఒకే భాష, ఒకే మతం. వాళ్లను వేరుచేసేది తండ్రి వైపు వంశవృక్షం. దారోద్, హావియే, ఇసాక్, దిర్, రహన్వేన్ అనేవి పెద్ద కొమ్మలు. మరేహాన్, ఒగాడేన్, మజెర్తేన్, దుల్బహంతే లాంటివి దారోద్ కొమ్మకు వచ్చిన రెమ్మలు. పశువుల కాపరుల ఇళ్లలో పిల్లవాడికి ఊహ తెలిసీ తెలియగానే తన పేరు, తండ్రి పేరు, తాత పేరు అంటూ మూలపురుషుడి దాకా అప్పజెప్పడం నేర్పుతారు. దాన్ని అబ్తిర్సి అంటారు. కొత్త మనిషి ఎదురైతే ఇద్దరూ ఎవరి వరుస వాళ్లు చెప్పుకుంటూ పోతారు. ఎక్కడ ఒకే తాత పేరు కలిస్తే అక్కడ చుట్టరికం తేలుతుంది.

ఆ చుట్టరికం కబుర్లకు మాత్రమే పనికొచ్చేది కాదు. ఎడారిలో పోలీసు లేడు, కోర్టు లేదు. ఒక మనిషి హత్యకు గురైతే హంతకుడి బంధుగణం అంతా కలిసి హతుడి బంధుగణానికి పరిహారం కట్టాలి. దాని పేరు మగ్. మగవాడి ప్రాణానికి 100 ఒంటెలు, ఆడమనిషి ప్రాణానికి 50 అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎంతమంది కలిసి కట్టాలో, ఏ తప్పుకు ఎంతో నిర్ణయించే ఆచారాల మొత్తాన్ని హేర్ అంటారు. చెట్టుకింద రోజుల తరబడి కూర్చుని పెద్దలు తేల్చేవాళ్లు. ఒక కుర్రాడి దుడుకుతనానికి వందల కుటుంబాల ఒంటెలు పోతాయి కాబట్టి, ఆ కుర్రాడిని అదుపులో పెట్టే పని కూడా బంధువులదే. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఐ. ఎం. లూయిస్ 1950ల్లో ఉత్తర సోమాలీలాండ్‌లో తిరిగి ఈ పద్ధతిని వివరంగా రాశాడు. 1961లో వచ్చిన ఆయన పుస్తకానికి ‘పశువుల కాపరుల ప్రజాస్వామ్యం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఆ రోజుల్లో రక్తపాతం లేదని కాదు. నీటి బావుల దగ్గర, మేత బీళ్ల దగ్గర మనుషులు చచ్చేవాళ్లు. కానీ బల్లెంతో జరిగే పోరులో ఎంతమంది పోయారో లెక్క తెలిసేది, లెక్క తెలిస్తే ఒంటెలు కట్టడం కుదిరేది.

పటం మీద గీసిన గీతలు

19వ శతాబ్దం చివర్లో ఈ మేత బీళ్లను నాలుగు రాజ్యాలు పంచుకున్నాయి. ఉత్తర తీరం బ్రిటన్‌కు, దక్షిణం ఇటలీకి, జిబూతీ ఫ్రాన్స్‌కు పోయాయి. ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్, ఒగాడేన్ వంశం పేరే ఉన్న ఒగాడేన్ పీఠభూమిని తన కిందికి తెచ్చుకున్నాడు. ఇంకా దక్షిణాన ఉన్న సోమాలీలు బ్రిటిష్ కెన్యాలో పడ్డారు. గీతలు మధ్యలో జరుగుతూనే ఉన్నాయి. కిస్మాయో రేవుతో సహా కెన్యా చేతిలో ఉన్న జూబాలాండ్‌ను 1925లో బ్రిటన్ ఇటలీకి ఇచ్చేసింది. అలా ఒగాడేన్లు మూడు జెండాల కింద చీలిపోయారు. వానలు ఎటు పడితే అటు మందలను తోలుకుపోయే జనానికి ఆ గీతలు మొదట్లో కనపడనేలేదు.

కెన్యా ఉత్తర సరిహద్దు జిల్లాను బ్రిటిష్ పాలకులు మూసిన గదిలా ఉంచారు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా అనుమతి పత్రం కావాలి. 1934లో వచ్చిన ప్రత్యేక జిల్లాల చట్టం ఒక మనిషి నేరానికి అతని వంశం మొత్తం మీద జరిమానా వేసే అధికారం అధికారులకు ఇచ్చింది, పశువులను జప్తు చేసే అధికారంతో సహా. పైకి చూస్తే ఇది మగ్ లాగానే కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, మగ్‌లో రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటాయి, ఇక్కడ తీర్పూ జప్తూ ఒకే చేతిలో ఉన్నాయి. ఆ అలవాటు స్వాతంత్ర్యం తర్వాత కూడా పోలేదు.

1960 జూలై 1న బ్రిటిష్, ఇటాలియన్ భాగాలు కలిసి సోమాలియా ఏర్పడింది. నీలి జెండా మీది తెల్ల నక్షత్రానికి ఐదు కొనలు. చేతికొచ్చినవి రెండు. మిగిలిన మూడు జిబూతీ, ఒగాడేన్, కెన్యా ఉత్తర జిల్లా. అంటే కొత్త దేశపు జెండాయే ముగ్గురు పొరుగువాళ్లకు తాఖీదులా ఉండేది. 1962లో బ్రిటిష్ కమిషన్ ఒకటి ఉత్తర జిల్లాలో తిరిగి, అక్కడి సోమాలీల్లో అత్యధికులు సోమాలియాతో కలవాలని కోరుకుంటున్నట్టు తేల్చింది. బ్రిటన్ ఆ మాట పక్కన పెట్టింది. 1963 డిసెంబర్ 12న కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలకే ఆ జిల్లాలో అత్యవసర పరిస్థితి పెట్టాల్సి వచ్చింది.

దాన్నే షిఫ్టా యుద్ధం అంటారు. షిఫ్టా అంటే బందిపోటు. మొగదిషు తుపాకులు, మందుపాతరలు పంపింది. కెన్యా సైన్యం సంచార కుటుంబాలను కంచె వేసిన ఊళ్లలోకి తోసి, మందలను పట్టుకుపోయింది, కాల్చింది. 1967 అక్టోబర్‌లో జాంబియా అధ్యక్షుడు కెన్నెత్ కౌండా పెద్దరికంతో అరుషాలో ఒప్పందం కుదిరింది. పోరు ఆగింది గానీ అత్యవసర చట్టాలు 1991 దాకా ఎత్తేయలేదు. రాజధాని నైరోబీలో ఒక న్యాయం, ఉత్తర జిల్లాలోని వజీర్‌లో ఇంకో న్యాయం.

వంశాన్ని పాతిపెట్టిన పాలకుడు

1969 అక్టోబర్‌లో సోమాలియా అధ్యక్షుడు షెర్మార్కేను అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆరు రోజులకు సైన్యాధిపతి సియాద్ బర్రే గద్దెనెక్కాడు. సోషలిజం తెస్తానన్నాడు, 1972లో సోమాలీ భాషకు లాటిన్ లిపి తెచ్చాడు. వంశం పేరు ఎత్తడమే నేరమన్నాడు. వంశాభిమానం దిష్టిబొమ్మలను ఊరేగించి తగలబెట్టించాడు, పాతిపెట్టించాడు. జనం దానికీ ఒక దారి వెతుక్కున్నారు. మాజీ అన్న అర్థంలో ‘ఎక్స్’ అనే ఇంగ్లీషు ముక్కను పట్టుకుని, ‘మీ ఎక్స్ ఏది?’ అని ఒకరినొకరు అడిగేవాళ్లు.

ఇంతకూ బర్రే కొలువులో పెద్ద కుర్చీలు ఎవరికి దక్కాయి? తన తండ్రి వంశమైన మరేహాన్లకు, తల్లి వంశమైన ఒగాడేన్లకు, అల్లుడి వంశమైన దుల్బహంతేలకు. ఆ మూడు పేర్ల తొలి అక్షరాలు కలిపి ‘ఎంఓడీ’ అని జనం చెవుల్లో చెప్పుకునేవాళ్లు.

1977 జూలైలో బర్రే ఇథియోపియాలోని ఒగాడేన్ మీదికి సైన్యాన్ని నడిపాడు. అప్పటిదాకా అతనికి ఆయుధాలిచ్చిన సోవియట్ యూనియన్ ప్లేటు ఫిరాయించి ఇథియోపియా పక్షాన నిలిచింది. క్యూబా సైనికులు దిగారు. 1978 మార్చికల్లా సోమాలీ సైన్యం వెనక్కి వచ్చేసింది. మరుసటి నెలలో మజెర్తేన్ అధికారులు ఎక్కువగా ఉన్న ఒక బృందం తిరుగుబాటు చేయబోయి విఫలమైంది. బర్రే శిక్షించింది ఆ అధికారులను మాత్రమే కాదు, వాళ్ల వంశం మొత్తాన్ని. ముదుగ్ ప్రాంతంలో మజెర్తేన్ల బెర్కెడ్లను, అంటే వాననీటిని నిలవచేసుకునే సిమెంటు తొట్లను, సైనికులు పగలగొట్టారు. ఎండాకాలంలో అక్కడ తొట్టి పోవడం అంటే మంద పోవడమే.

తప్పించుకున్నవాళ్లు ఎక్కడికి పోయారు? నిన్నటి శత్రువు ఇథియోపియా దగ్గరికి. అక్కడి నియంత మెంగిస్తు వాళ్లకు స్థావరాలు, తుపాకులు ఇచ్చాడు. 1981లో లండన్‌లో పుట్టిన ఇసాక్ వంశీయుల సంస్థ సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్‌కు కూడా అక్కడే నీడ దొరికింది. బర్రే ఏమీ తక్కువ తినలేదు. మెంగిస్తు మీద తిరగబడ్డ ఒగాడేన్ గెరిల్లాలను తాను పోషించాడు. పదేళ్లపాటు ఒకరి ఇంటికి ఇంకొకరు నిప్పంటించే పని సాగింది.

1988 ఏప్రిల్‌లో ఇద్దరూ అలసిపోయి ఒప్పందం చేసుకున్నారు. ఒకరి మీద తిరగబడ్డవాళ్లకు ఇంకొకరు సాయం ఆపేయాలి. కాళ్ల కింద నేల పోతోందని తెలిసిన ఇసాక్ గెరిల్లాలు మే నెలాఖరున ఉన్నపళంగా ఉత్తర సోమాలియాలోని బురావో, హర్గేసా నగరాల మీద పడ్డారు. బర్రే జవాబు విమానాలతో వచ్చింది. హర్గేసా విమానాశ్రయం నుంచే ఎగిరి హర్గేసా మీదే బాంబులు వేశాయి. ఊరు నేలమట్టమైంది. మూడు లక్షలకు పైగా జనం ఇథియోపియాలోకి నడిచి వెళ్లారు. అక్కడి హర్తిషేక్ శిబిరం అప్పట్లో ప్రపంచంలోని అతి పెద్ద శరణార్థి శిబిరాల్లో ఒకటిగా మారింది. ఆ రోజుల్లో కూలిన ఒక మిగ్ విమానాన్ని హర్గేసా నడిబొడ్డున స్మారకంగా నిలబెట్టారు.

తుపాకులు నడిచొచ్చిన దారి

1991 జనవరి చివర్లో బర్రే మొగదిషు వదిలి తన వాళ్లుండే గెడోకు పారిపోయాడు. అతన్ని తరిమిన హావియే వంశీయులు ఆ ఏడాది పూర్తికాకుండానే రెండుగా చీలారు. అబ్గాల్ శాఖకు అలీ మహదీ, హబర్ గిదిర్ శాఖకు ఫరా ఐదీద్. నవంబర్ నుంచి నాలుగు నెలలు నగరం నడుమ ఫిరంగులు మోగాయి. సైన్యం వదిలేసిన ఆయుధాగారాలు అందినవాడికి అందినంత. పికప్ ట్రక్కు మీద పెద్ద తుపాకీ బిగించుకున్న కుర్రాడికి చెట్టుకింది పెద్దమనిషి మాటతో పనిలేకపోయింది. చచ్చినవాళ్లు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు, ఇక ఒంటెలు ఎవరు కట్టాలి?

నదుల మధ్య పంటభూములున్న బైదోవాలో కరువు తాండవించింది. అక్కడి రహన్వేన్ రైతుల గాదెలను బర్రే మూకలూ, ఐదీద్ మూకలూ దోచాయి. తర్వాత వచ్చిన ఐక్యరాజ్యసమితి దళాల్లో మన దేశపు బ్రిగేడ్ ఒకటి ఈ బైదోవా ప్రాంతంలోనే 1993 నుంచి 1994 చివరి దాకా పనిచేసింది. కొందరు భారత సైనికులు అక్కడే ప్రాణాలు వదిలారు. మిగిలినవాళ్లను వెనక్కి తేవడానికి మన నౌకాదళం ఓడలు సోమాలియా తీరానికి వెళ్లాయి.

బర్రే రెండుసార్లు మొగదిషును తిరిగి పట్టుకోబోయి, 1992లో కెన్యాలోకి, అక్కడినుంచి నైజీరియాకు వెళ్లిపోయాడు. అతని వెంట, అతని ముందు, అతని తర్వాత ఓడిన సైనికులు తుపాకులతో సహా సరిహద్దు దాటారు. వాళ్ల వెనక ఆకలితో లక్షలమంది. గరిస్సా జిల్లాలోని దదాబ్ దగ్గర 90 వేలమంది కోసం వేసిన మూడు శిబిరాల్లో 2011 నాటికి నాలుగున్నర లక్షలకు పైగా జనం కిక్కిరిశారు.

వచ్చిన తుపాకులు ఖాళీ నేల మీద పడలేదు. వజీర్ జిల్లాలో డెగోడియా, అజురాన్, ఒగాడేన్ వంశాల మధ్య నీళ్ల కోసం, మేత కోసం పాత కక్షలున్నాయి. 1984 ఫిబ్రవరిలో డెగోడియా, అజురాన్ల తగువును అణచే పేరుతో కెన్యా భద్రతా దళాలు డెగోడియా మగవాళ్లను పట్టుకొచ్చి వగల్లా ఎయిర్‌స్ట్రిప్ మీద కూర్చోబెట్టాయి. బట్టలు ఊడదీయించి, తిండీ నీళ్లూ లేకుండా రోజుల తరబడి ఎండలో ఉంచి, చివరికి కాల్చేశాయి. ఏ మనిషి ఏం చేశాడన్న విచారణ లేదు, డెగోడియా అయితే చాలు. చనిపోయింది 57 మందేనని ప్రభుత్వం చాలాకాలం చెప్పింది. 2013లో కెన్యా సత్యశోధన, న్యాయ కమిషన్ ఆ సంఖ్య దాదాపు వెయ్యి దాకా ఉండొచ్చని రాసింది.

అలాంటి చోటికి 1991–92లో కరువూ, తుపాకులూ, ఎన్నికలూ ఒకేసారి వచ్చాయి. బహుళ పార్టీ ఎన్నికల్లో వజీర్ వెస్ట్ స్థానం అజురాన్ల నుంచి డెగోడియాల చేతికి పోవడంతో నిప్పు రాజుకుంది. మందలు దోచుకున్నారు, దుకాణాలు తగలబెట్టారు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒక దేశంలో ప్రభుత్వం కూలితే, పక్క దేశంలో ప్రభుత్వం నిలబడి ఉన్నా దాని మాట జిల్లా కేంద్రం దాటేది కాదు.

బజారులో కాపలా కాసిన ఆడవాళ్లు

1993 నడిమిలో ఒక రాత్రి వజీర్‌లో ఇంటి దగ్గర తుపాకులు మోగితే, డేఖా ఇబ్రహీం అబ్ది అనే యువతి తన బిడ్డను తీసుకుని మంచం కింద దూరింది. తెల్లారాక ఆ సంగతి విన్న తల్లి, షిఫ్టా యుద్ధం రోజుల్లో పసిగుడ్డుగా ఉన్న డేఖాను తానూ ఇలాగే మంచం కింద దాచిపెట్టుకున్నానని గుర్తుచేసుకుంది. తన బిడ్డ కూడా పెద్దయ్యాక ఇదే మంచం కింద దూరాలా అన్న ఆలోచనే తనను కదిలించిందని డేఖా తర్వాతి కాలంలో చెప్పుకుంది.

సోమాలీ ఆడపిల్లకు పెళ్లయినా పుట్టింటి వంశమే నిలుస్తుంది, పేరు మారదు. వంశాల మధ్య పెళ్లిళ్లు మామూలే కాబట్టి, పోరు వస్తే పుట్టింటి అన్నదమ్ములు ఒకవైపు, కన్న కొడుకులు ఇంకోవైపు. మగ్ చర్చల్లో ఆమెకు చోటు లేదు, చావు మాత్రం ఎటు జరిగినా ఆమె ఇంట్లోనే. ఒక పెళ్లిలో కలిసిన కొందరు ఆడవాళ్ల మధ్య ఈ మాటలే నడిచాయి. అక్కడినుంచి బజారుకు వచ్చాయి.

బజారే ఎందుకంటే, తగువు ముందుగా అక్కడే కనిపించేది. ఒక వంశపు మనిషి పాలు తెస్తే ఇంకో వంశపు మనిషి కొనేది కాదు, కొందరిని కూర్చోనిచ్చేవాళ్లే కాదు. ఈ ఆడవాళ్లు ఒక మాట అనుకున్నారు: ఎవరైనా ఎవరికైనా అమ్మొచ్చు, ఎవరి దగ్గరైనా కొనొచ్చు. చెప్పి ఊరుకోకుండా రోజూ బజారులో తిరుగుతూ కాపలా కాశారు. గొడవ వస్తే అక్కడికక్కడే సర్దిచెప్పారు. బజారు కుదుటపడ్డాక పెద్దల దగ్గరికి వెళ్లారు. చర్చలు ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, పోరులో లేని చిన్న వంశానికి చెందిన పెద్దను ముందుకు తెచ్చారు. అతను ఎవరి పక్షమూ కాడు, ఎవరికీ భయపెట్టే బలమూ లేదు. 1993 సెప్టెంబర్‌లో పెద్దలంతా అల్ ఫతా ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ తర్వాత ఎక్కడ హత్య జరిగినా, ప్రతీకారం మొదలయ్యేలోపు పెద్దలు, ఆడవాళ్లు, అధికారులు కలిసి వాహనమెక్కి అక్కడికి చేరడం పద్ధతి అయింది.

అదే ఏడాది సరిహద్దు అవతల, హర్గేసాకు పశ్చిమాన ఉన్న బోరమాలో ఉత్తర సోమాలియా వంశాల పెద్దలు నెలల తరబడి కూర్చుని తగువులు తేల్చుకున్నారు. అక్కడినుంచే, సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న ఉత్తర భాగమైన సోమాలీలాండ్‌కు పెద్దల సభ ఒకటి వచ్చింది. దాని పేరు గుర్తి. ఆ రెండు చోట్లా పనికొచ్చింది పాత హేర్ పద్ధతే, కొత్త మనుషులు కలిశారు.

వజీర్ నమూనా కెన్యాలో మిగతా జిల్లాలకు శాంతి సంఘాల రూపంలో పాకింది. 2001లో మొడొగాషే ఊళ్లో కుదిరిన ఒప్పందం ప్రాణానికి పరిహారాన్ని కాగితం మీద రాసింది. మగవాడికి 100, ఆడమనిషికి 50 అన్న పాత లెక్కే. కెన్యా చట్టం ప్రకారం హత్య కేసు ప్రభుత్వానిది, పరిహారంతో మాఫీ అయ్యేది కాదు. అయినా జిల్లా అధికారులు ఆ కాగితం పక్కన కూర్చున్నారు. ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. ఆడప్రాణం సగం ధర అన్న లెక్కను, బజారులో కాపలా కాసిన ఆడవాళ్లు కూడా మార్చలేకపోయారు. 1998 అక్టోబర్‌లో వజీర్ సరిహద్దున బగల్లా దగ్గర బొరాన తెగ వైపు నుంచి వచ్చిన సాయుధులు డెగోడియాల మీద పడి నూట ఎనభైమందికి పైగా చంపినప్పుడు, శాంతి సంఘాలు దాన్ని ఆపలేకపోయాయి.

2011

డేఖాకు 2007లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2011 జూలైలో కెన్యాలో జరిగిన కారు ప్రమాదం ఆమెను బలితీసుకుంది. మూడు నెలలకు, అక్టోబర్‌లో, కెన్యా సైన్యం సరిహద్దు దాటి సోమాలియాలోకి నడిచింది. పొరుగు దేశంలో కెన్యాకు అదే మొదటి పెద్ద యుద్ధం. ఇథియోపియా అప్పటికే 2006 డిసెంబర్‌లో వెళ్లి, అప్పటికి మొగదిషును ఏలుతున్న ఇస్లామిక్ కోర్టుల కూటమిని తరిమి, 2009లో తిరిగొచ్చింది. ఆ రెండేళ్లలో విదేశీ సైన్యం మీద పుట్టిన కోపాన్ని తిని బలిసింది అల్ షబాబ్ అనే ఇస్లామిక్ సాయుధ సంస్థ.

అల్ షబాబ్ తనది వంశాలకు అతీతమైన మతపోరాటమని చెప్పుకుంటుంది. పని చేసేది మాత్రం వంశాల మధ్య పగుళ్లలోనే. ఎక్కడ చిన్న వంశానికి అధికారంలో వాటా దక్కలేదో, ఎక్కడ భూమి పోయిందో అక్కడ దానికి మనుషులు దొరుకుతారు.

దానికి అడ్డుకట్టగా కెన్యా ఎంచుకున్న సాధనం కూడా వంశమే. సరిహద్దు వెంట తనకు అనుకూలమైన ప్రాంతం ఒకటి ఉండాలని జూబాలాండ్ ఆలోచనను ప్రోత్సహించింది. ఒకప్పుడు ఇస్లామిక్ కోర్టుల తరఫున కిస్మాయో చూసుకున్న అహ్మద్ మదోబే ఇప్పుడు కెన్యాకు మిత్రుడు. అప్పటి కెన్యా రక్షణ మంత్రి యూసుఫ్ హాజీ కూడా ఒగాడేన్ వంశీయుడే. 2012 సెప్టెంబర్ చివర్లో కెన్యా దళాలు, మదోబే మనుషులు కిస్మాయోలో దిగారు. 2013 మేలో మదోబే జూబాలాండ్ అధ్యక్షుడయ్యాడు. మరేహాన్లకు అది మింగుడుపడలేదు, వారాల వ్యవధిలోనే కిస్మాయో వీధుల్లో వంశాల పోరు మొదలైంది. తన దేశంలో ఒగాడేన్ వేర్పాటువాదులతో పోరాడుతున్న ఇథియోపియాకు, సరిహద్దు పక్కనే ఒగాడేన్ల చేతిలో ఒక రాజ్యం ఉండటం అంతకన్నా రుచించలేదు. చివరికి 2013 ఆగస్టులో ఆడిస్ అబాబాలో ఒప్పందానికి అందరినీ కూర్చోబెట్టింది కూడా ఇథియోపియాయే.

ఈలోగా దాడులు కెన్యా లోపలికి వచ్చాయి. 2013 సెప్టెంబర్‌లో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్‌లో 67 మంది. భారతీయ మూలాలున్నవాళ్లు, ఘనా కవి కోఫీ అవూనర్ వాళ్లలో ఉన్నారు. 2014 నవంబర్‌లో మండేరా నుంచి బయల్దేరిన బస్సులో ముస్లింలు కానివాళ్లను వేరుచేసి 28 మందిని చంపారు. వారం పదిరోజులకే మండేరా రాతి క్వారీలో 36 మంది. 2015 ఏప్రిల్ 2న గరిస్సా విశ్వవిద్యాలయంలో 148 మంది.

2014 ఏప్రిల్‌లో నైరోబీలోని ఈస్ట్లీలో సోదాలు జరిపి వేలమంది సోమాలీలను కసరానీ స్టేడియంలో పెట్టారు. వాళ్లలో కెన్యా పౌరులూ ఉన్నారు. 1934 చట్టం పుస్తకాల్లో లేకపోయినా, దాని వాసన పోలేదు. 2016లో దదాబ్‌ను మూసేస్తామని ప్రభుత్వం ప్రకటిస్తే, అది రాజ్యాంగ విరుద్ధమని 2017 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది.

2015 డిసెంబర్‌లో మండేరా వైపు వెళ్తున్న ఇంకో బస్సును సాయుధులు ఆపి, ముస్లింలను ఒకపక్క నిలబడమన్నారు. బస్సులోని సోమాలీ ఆడవాళ్లు అప్పటికే తమ తలగుడ్డలు తీసి క్రైస్తవ ప్రయాణికుల చేతుల్లో పెట్టారు. చంపితే అందరినీ చంపండి, లేదంటే వదిలేయండి అన్నారు ప్రయాణికులు. అడ్డుపడ్డ ముస్లిం ఉపాధ్యాయుడొకరు తూటా గాయంతో నెల తర్వాత చనిపోయాడు.

గోడ

2015లోనే కెన్యా సోమాలియా సరిహద్దు వెంట కంచె కట్టడం మొదలుపెట్టింది. సరిహద్దు పొడవు దాదాపు 700 కిలోమీటర్లు. పని మొదలైంది మండేరా దగ్గర, బులా హావోకు ఎదురుగా. కొద్ది కిలోమీటర్ల ముళ్లతీగ, కందకం అయ్యాక, అటువైపు జనం ఇళ్ల మీదుగా గీత పోతోందన్న గొడవలతో పని ఆగిపోయింది.

ఈ కథ దక్షిణానికే పరిమితం కాలేదు. 2023 ఫిబ్రవరిలో సోమాలీలాండ్ చేతిలో ఉన్న లాస్ అనోద్ పట్టణంలో దుల్బహంతే వంశం తిరగబడింది. బోరమా పెద్దల సభ గొప్పతనం ఇసాక్‌ల వరకే అని, తమ మాట అక్కడ చెల్లడం లేదని వాళ్ల ఫిర్యాదు. ఆగస్టులో సోమాలీలాండ్ దళాలు వెనక్కి తగ్గేలోపు ఫిరంగులకు ఆస్పత్రులు సైతం బలయ్యాయి. కొన్ని వారాల్లోనే దాదాపు లక్షమంది ఇథియోపియాలోని డోలో ప్రాంతానికి చేరినట్టు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెప్పింది. వాళ్లలో చాలామంది శిబిరాల కన్నా ముందు వెతుక్కుంది బంధువుల ఇళ్లను. కరువుతో మందలు పోగొట్టుకున్న డోలో కుటుంబాలు ఉన్న గుడిసెలోనే వాళ్లకు చోటిచ్చాయి.

2011 నుంచి అధికారికంగా మూతపడి ఉన్న మండేరా–బులా హావో సరిహద్దును తెరుస్తామని 2023 మేలో కెన్యా, సోమాలియా మంత్రులు ప్రకటించారు. ఆ తర్వాతి వారాల్లో కెన్యా వైపు దాడులు పెరిగాయి. జూలైలో నైరోబీ ఆ నిర్ణయాన్ని వాయిదా వేసింది. మండేరాలో బంధువుల పెళ్లికి రావాల్సిన బులా హావో మనిషి మాత్రం గేటు దగ్గర తన వరుస చెప్పుకుని, ఎవరి తాలూకో తేల్చుకుని, లోపలికి వస్తూనే ఉన్నాడు.